ఐదేళ్ల చదువు, ఒకే నిర్ణయం

(సొసైటీ వార్షికోత్సవ సభలో విద్యార్థి వేతనాల పంపిణీ సందర్భంగా ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)





మన సభల్లో వైద్యం గురించి, ఇంజనీరింగు గురించి, సివిల్స్ గురించి చెప్పేవాళ్లకు లోటు లేదు. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు బోధిస్తాను. చదివింది మాత్రం భాషాశాస్త్రం. ఆ చదువు పేరే వినని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అందుకే ఈ రోజు దాని గురించి చెబుతాను. డిగ్రీ, ఎం.ఏ. కలిపి ఒకే కోర్సుగా చదివే పద్ధతి గురించి, అది మన ఇళ్లకు, మరీ ముఖ్యంగా మన ఆడపిల్లలకు ఎందుకు అవసరమో కూడా చెబుతాను. చివర్లో సొసైటీ పెద్దలకు ఒక విన్నపం ఉంది.

భాషాశాస్త్రం అంటే పది భాషలు నేర్చుకోవడమని చాలామంది అనుకుంటారు. భాష ఎలా పనిచేస్తుందో పరిశీలించే శాస్త్రం అది. నోట్లో ధ్వని ఎక్కడ పుడుతుంది, ధ్వనులు కలిసి మాట ఎలా అవుతుంది, మాటలు కలిసి వాక్యం ఎలా అవుతుంది, ఒక ఊరి మాటకూ పక్క ఊరి మాటకూ తేడా ఎలా వస్తుంది, చిన్నపిల్లలు ఎవరూ నేర్పకుండానే మాట ఎలా పట్టుకుంటారు అనేవి ఇందులోని ప్రశ్నలు.

మన ఇళ్ల నుంచే ఉదాహరణ చెబుతాను. పిల్లలూ, మీకు మక్తబ్‌లో నేర్పిన మాటలు గుర్తు చేసుకోండి. కితాబ్ అంటే పుస్తకం. కాతిబ్ అంటే రాసేవాడు. మక్తూబ్ అంటే రాసినది. మక్తబ్ అన్న మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే. నాలుగింటిలోనూ క, త, బ అనే మూడు ధ్వనులు కదలకుండా ఉన్నాయి. మధ్యలో అచ్చులు మారాయి, కొన్నిచోట్ల ముందు ఒక 'మ' చేరింది, అర్థం మారిపోయింది. ఇల్మ్, ఆలిమ్, మాలూమ్, తాలీమ్ కూడా అంతే. తెలుగులో ఈ పద్ధతి లేదు. మనం 'రాయి' అన్న మాట చివర ప్రత్యయాలు చేర్చి రాశాడు, రాయిస్తాడు, రాయలేదు అంటాం. ఒక భాష మాట లోపల మార్పు చేస్తుంది, ఇంకో భాష మాట చివర చేరుస్తుంది. ఈ రెండు పద్ధతులూ పదేళ్లు నిండకముందే మీ నోటికి వచ్చేశాయి. వాటికి పేర్లు పెట్టి, నియమాలు విప్పి చూపించేదే ఈ శాస్త్రం.

ఇంకొక మాట. మనలో కొందరి ఇంట్లో తెలుగే మాతృభాష. ఇంకొందరి ఇంట్లో దక్కనీ. దక్కనీ మాట్లాడే పిల్లల్ని "మీది విరిగిన ఉర్దూ" అని ఎవరో ఒకరు వెక్కిరించే ఉంటారు. "వస్తానని చెప్పాడు" అన్న వాక్యాన్ని చూడండి. గ్రాంథిక ఉర్దూలో "ఉస్ నే కహా కె మై ఆవూంగా" అంటారు. అంటే "అతను చెప్పాడు" అన్నది ముందు వస్తుంది, చెప్పిన సంగతి తర్వాత వస్తుంది. మన ఇంట్లో ఏమంటాం? "ఆతుం బోల్కె బోల్యా." చెప్పిన సంగతి ముందు, తర్వాత 'బోల్కె', చివర 'బోల్యా'. తెలుగులో 'అని' కూర్చునే చోటులోనే 'బోల్కె' కూర్చుంది. మాటలు ఉత్తరాదివి, వాక్యం కట్టుబడి దక్షిణాదిది. కొన్ని వందల ఏళ్లు తెలుగువాళ్ల పక్కన బతికిన భాష తన వాక్యాన్ని ఇలా మలుచుకుంది. ఇందులో విరిగినది ఏదీ లేదు. హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ దక్కనీలోనే.

మాటలు అటు నుంచి ఇటు కూడా వచ్చాయి. రైతు, హక్కు, బాకీ, కలం, తారీఖు అనే మాటలు లేకుండా తెలుగు పల్లెలో ఒక రోజు గడవదు. అవన్నీ అరబీ మూలం నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చినవే. ఒక సంగతి గమనించండి. అరబీలో గొంతు లోపలి నుంచి పలికే 'ఖాఫ్' అనే అక్షరం ఉంది. తెలుగులో అది 'క' అయింది. అందుకే కలం, బాకీ అంటాం. దక్కనీ మాట్లాడేవాళ్లు ఖలమ్, బాఖీ అంటారు. మరి 'ఖరారు' అనే మాటలోనూ మొదట ఉన్నది అదే అక్షరం కదా, అది తెలుగులో 'కరారు' ఎందుకు కాలేదు? ఏ కాలంలో, ఎవరి నోటి మీదుగా తెలుగులోకి వచ్చింది? ఇలాంటి ప్రశ్న వేసుకుని, పాత పత్రాలు చూసి, మనుషుల మాట రికార్డు చేసి జవాబు వెతకడాన్నే పరిశోధన అంటారు. ఈ ప్రశ్న తట్టడానికి మూడు భాషల్లో చెవి ఉండాలి. మన పిల్లలకు అది ఇంటి నుంచే వస్తుంది.

ఇది కొత్తగా వచ్చిన విద్య కాదు. అరబీ వ్యాకరణానికి పునాది లాంటి 'అల్ కితాబ్' రాసిన సీబవైహ్ ఎనిమిదో శతాబ్దపు పండితుడు, బస్రాలో చదువుకున్నాడు. ఆయన అరబ్బు కాదు, పర్షియావాడు. తనది కాని భాషను శ్రద్ధగా విని దానికి శాస్త్రం రాశాడు. మన దగ్గరికి వస్తే, ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి వచ్చి, ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నడిపారు. 1986 నుంచి 1993 దాకా హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశంలో మొదటి సంపుటం 1962లో వెలువడింది. రైతులు పొలంలో వాడే మాటలను జిల్లా జిల్లా తిరిగి సేకరించారు. తర్వాత చేనేత మాటల సంపుటం 1971లో వచ్చింది. దూది ఏకేవాళ్ల మాటలు, దర్జీల మాటలు, మెకానిక్ షెడ్డులో వినిపించే మాటలు కూడా అలాగే విలువైనవి. అవి మీ అబ్బా నోట్లో, మీ నానా నోట్లో ఉన్నాయి. సేకరించవలసినవాళ్లు మీరే.

ఇక చదువు మెట్ల సంగతికి వస్తాను. ఇక్కడ తల్లిదండ్రులు కొంచెం శ్రద్ధగా వినాలి.

ఇప్పుడు మన దేశంలో ఇంటర్ తర్వాత ఎం.ఏ. దాకా వెళ్లడానికి మూడు దారులున్నాయి. మొదటిది పాతదే. మూడేళ్ల డిగ్రీ, ఆ తర్వాత వేరే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎం.ఏ. రెండోది కొత్త జాతీయ విద్యావిధానం తెచ్చినది. యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీకి, 2024లో పీజీకి కొత్త క్రెడిట్ విధానం ప్రకటించింది. మూడేళ్లలో 120 క్రెడిట్లు పూర్తిచేస్తే డిగ్రీ, నాలుగేళ్లలో 160 పూర్తిచేస్తే ఆనర్స్ డిగ్రీ. నాలుగేళ్లు చదివినవాళ్లకు ఏడాదిలోనే ఎం.ఏ. ఇవ్వడానికి విశ్వవిద్యాలయాలకు వీలు కల్పించారు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడు పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. మూడోది ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఇంటర్ అయిన వెంటనే చేరితే ఐదేళ్ల తర్వాత ఎం.ఏ.తో బయటికి రావడమే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లాంగ్వేజ్ సైన్సెస్ అనే పేరుతో ఇలాంటి ఐదేళ్ల ఎం.ఏ. ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి ప్రవేశం సీయూఈటీ పరీక్ష ద్వారా. డిగ్రీ స్థాయిలోనే భాషాశాస్త్రం చదవాలనుకునేవాళ్లకు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ ఉంది. ఎం.ఏ.కు ఉస్మానియా, హైదరాబాదులోని ఇఫ్లూ, పుణెలోని డెక్కన్ కాలేజీ ఉన్నాయి.

అమెరికాలో దీన్ని యాక్సిలరేటెడ్ మాస్టర్స్ అంటారు. అక్కడ డిగ్రీ నాలుగేళ్లు, మాస్టర్స్ మామూలుగా రెండేళ్లు. మంచి మార్కులున్న విద్యార్థి మూడో ఏడే దరఖాస్తు పెట్టుకుని, నాలుగో ఏడు డిగ్రీలో ఉంటూనే కొన్ని మాస్టర్స్ పాఠాలు చదువుతాడు. ఆ పాఠాలను రెండు డిగ్రీలకూ లెక్క కడతారు. దాంతో ఆరేళ్ల చదువు ఐదేళ్లలో అయిపోతుంది. ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది హాస్టలు ఖర్చు మిగులుతాయి. అయితే అక్కడ ఒక చిక్కు ఉంది. డిగ్రీ విద్యార్థికి దొరికే ఆర్థిక సాయం సాధారణంగా డిగ్రీతోనే ఆగిపోతుంది. ఐదో ఏడు ఎవరు కడతారన్నది ముందే చూసుకోవాలి. మన బంధువుల పిల్లలు అక్కడ చదువుతున్నారు కాబట్టి ఇది చెబుతున్నాను. ఇంకొకటి, ఇక్కడ మూడేళ్ల డిగ్రీతో అక్కడికి మాస్టర్స్‌కు వెళ్లాలనుకునేవాళ్లను చాలా విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. ఆ ఆలోచన ఉన్నవాళ్లు నాలుగో ఏడు గురించి ఇప్పుడే ఆలోచించాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మూడు, రెండు కలిపితే ఐదు. నాలుగు, ఒకటి కలిపితే ఐదు. ఇంటిగ్రేటెడ్ కూడా ఐదే. మరి మన దేశంలో ఈ కలిపిన చదువు వల్ల మిగిలేది ఏమిటి? అమెరికాలో మిగిలినట్టు ఇక్కడ ఏడాది మిగలదు. మిగిలేది ఇంకొకటి ఉంది. నా దృష్టిలో అది ఏడాది కన్నా విలువైనది.

మూడేళ్ల డిగ్రీ అయిన రోజు మన ఇంట్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. మగపిల్లవాడైతే "ఇక చాలు, షాపులో కూర్చో" అంటారు, లేదా గల్ఫ్ వీసా మాట వస్తుంది. ఆడపిల్ల అయితే సంబంధాలు మొదలవుతాయి. నేను పాఠం చెప్పిన అమ్మాయిల్లో బాగా చదివినవాళ్లు ఎందరో డిగ్రీ దాకా వచ్చారు. ఎం.ఏ. తలుపు దగ్గర ఆగిపోయారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఆ తలుపు దగ్గర ఇల్లంతా మళ్లీ కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. మళ్లీ ప్రవేశ పరీక్ష, మళ్లీ దరఖాస్తు ఫీజు, మళ్లీ ఊరు, మళ్లీ హాస్టలు, మళ్లీ "నలుగురూ ఏమంటారు". ఇన్ని 'మళ్లీ'ల మధ్య ఒక్కటి తేడా వచ్చినా చదువు అక్కడితో సరి. కలిపిన కోర్సులో ఆ తలుపు లేదు. పదిహేడేళ్లప్పుడు ఒకసారి "వెళ్లు బేటీ" అంటే, ఐదేళ్ల దాకా ఇంకెవరినీ అడగనవసరం లేదు. అమ్మాయి మూడో ఏడు నుంచి నాలుగో ఏడుకు నడిచినట్టే ఎం.ఏ.లోకి నడుస్తుంది.

భాషాశాస్త్రం లాంటి చదువుకు ఇది మరీ అవసరం. ఎందుకంటే ఈ శాస్త్రం డిగ్రీతో చేతికి రాదు. మొదటి రెండేళ్లు పునాది. ధ్వనులను రాసే పద్ధతి, వాక్యాన్ని విడగొట్టే పద్ధతి నేర్చుకోవడంతోనే సరిపోతుంది. ఊరికి వెళ్లి మనుషుల మాట రికార్డు చేయడం, కంప్యూటరుతో భాషను విశ్లేషించడం, సొంతంగా ఒక వ్యాసం రాయడం పై తరగతుల్లో వస్తాయి. మూడేళ్లకే ఆపితే కుట్టు మిషను కొని దారం కొననట్టే.

ఉద్యోగం మాట అడగకుండా మీరు నన్ను దిగనివ్వరని తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కాలేజీల్లో భాషాశాస్త్రానికే కేటాయించిన పోస్టులు తక్కువ. ఎం.ఏ. అవగానే నియామక పత్రం ఇంటికి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ దారులున్నాయి. యూజీసీ నెట్ పరీక్షలో భాషాశాస్త్రం ఒక సబ్జెక్టు. అందులో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు, ఇంటద్దె భత్యం అదనం. మైసూరులో 1969 నుంచి ఉన్న భారతీయ భాషల కేంద్ర సంస్థలో భాషల మీద పరిశోధనలు సాగుతుంటాయి. ఫోనులో మనం మాట్లాడితే అక్షరాలుగా మారడం, ఒక భాష నుంచి ఇంకో భాషకు యంత్రం అనువదించడం మీరు చూస్తూనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన 'భాషిణి' ఈ పని కోసమే. అలాంటి చోట తెలుగు వాక్యాన్ని సరిగ్గా విడగొట్టగలిగినవాళ్లు, యంత్రం చేసిన అనువాదంలో తప్పు ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు కావాలి. కంప్యూటరు భాష ఒకటి పక్కన నేర్చుకుంటే ఈ దారి ఇంకా వెడల్పవుతుంది. నిఘంటువులు, అనువాదం, భాషా బోధన, పాఠ్యపుస్తకాల తయారీ కూడా ఉన్నాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. మాట సరిగా రాని పిల్లలకు చికిత్స చేయడం వేరే వృత్తి. దానికి వేరే డిగ్రీ ఉంది. రెండింటినీ కలిపి చెప్పేవాళ్ల మాట విని చేరకండి.

చేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కాగితం మీద రాసుకోండి.

ఒకటి: మధ్యలో ఆపవలసి వస్తే మూడేళ్లకు డిగ్రీ ఇస్తారా? ఇంట్లో ఎవరికైనా జబ్బు చేయవచ్చు, సంపాదించే చెయ్యి ఆగవచ్చు. అలాంటప్పుడు పిల్ల వట్టి చేతులతో తిరిగి రాకూడదు. ఆ నిబంధన ప్రాస్పెక్టస్‌లో ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

రెండు: ఎం.ఏ. భాగంలోకి వెళ్లడానికి ఎన్ని మార్కులు ఉండాలి? తలుపు లేదన్నాను గానీ, కొన్నిచోట్ల గడప ఉంటుంది. అది ఎంత ఎత్తో మొదటి రోజే తెలియాలి.

మూడు: ఫీజు రీయింబర్స్‌మెంటు గానీ, ఇతర స్కాలర్‌షిప్ గానీ ఐదేళ్లకూ వర్తిస్తుందా, మూడేళ్లకేనా?

నాలుగు: ఐదేళ్ల తర్వాత చేతికి ఒక డిగ్రీ పత్రం ఇస్తారా, రెండా? కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో డిగ్రీ వేరుగా, పీజీ వేరుగా అడుగుతారు. అప్పుడు పరుగులు పెట్టే కన్నా ఇప్పుడు అడగడం మేలు.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. ఐదేళ్లు అనగానే పిల్ల పెళ్లి వయసు దాటిపోతుందని భయపడకండి. పదిహేడేళ్లకు చేరితే ఇరవై రెండేళ్లకు ఎం.ఏ. చేతిలో ఉంటుంది. డిగ్రీ తర్వాత ఇంట్లో కూర్చోబెట్టి సంబంధాల కోసం ఎదురుచూసే ఆ రెండేళ్లే ఇవి. ఎదురుచూసేదేదో చదువుతూ ఎదురుచూడనివ్వండి.

ఇప్పుడు సొసైటీ పెద్దలకు నా విన్నపం.

మన సొసైటీ ఏటా దరఖాస్తులు తీసుకుంటుంది, ఏటా పరిశీలిస్తుంది, ఏటా వేతనం ఇస్తుంది. ఎక్కువమందికి అందాలన్న ఉద్దేశంతో చేసిన ఏర్పాటు అది, ఎంతో మంచిది. కానీ ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరబోయే పిల్లకు ఈ ఏడాది వస్తుంది, వచ్చే ఏడాది వస్తుందో రాదో తెలియదు. ఆ అనుమానంతోనే తండ్రి "మూడేళ్లది చాల్లే" అంటాడు. కోర్సు తలుపు తీసేసింది. మనం ఏడాదికొక తలుపు పెడుతున్నాం.

కొత్తగా ఎంపికచేసే విద్యార్థుల్లో ఏటా ఒక్కరికి, ఒకే ఒక్కరికి, ఐదేళ్ల పూర్తి కోర్సుకు మాట ఇవ్వండి. మార్కులు తగ్గకుండా చూసుకోవాలని షరతు పెట్టండి, తప్పులేదు. లెక్క కూడా వేసి చెబుతాను. మొదటి ఏడాది ఒకరు, రెండో ఏడాది ఇద్దరు, ఐదో ఏడాదికి ఐదుగురు. ఆ తర్వాత ఒకరు చదువు ముగించి వెళ్తుంటే ఒకరు వచ్చి చేరుతుంటారు, కాబట్టి ఎప్పుడూ ఐదుగురే. బరువు ఐదుగురిని దాటదు. ఏ ఖాతా నుంచి ఇవ్వాలో, దేనికి ఏది వర్తిస్తుందో మన ఆలిమ్‌లు చెబుతారు. దాతల్లో ఎవరైనా "ఈ పిల్ల ఐదేళ్లూ నా బాధ్యత" అని ముందుకు వస్తే ఇంకా సులువు. అది భాషాశాస్త్రమే కానక్కర్లేదు. సైన్సు కావచ్చు, అర్థశాస్త్రం కావచ్చు. ఐదేళ్ల చదువుకు ఐదేళ్ల మాట కావాలన్నదే నేను అడుగుతున్నది.

దీని వల్ల ఈ ఏడాది కొందరికి ఇచ్చే మొత్తం కొద్దిగా తగ్గవచ్చు. అది నాకు తెలిసే అడుగుతున్నాను. పదిమందికి ఒక్కో మెట్టు ఎక్కడానికి సాయం చేయడం పుణ్యమే. వారిలో ఒక్కరినైనా పై మెట్టు దాకా తీసుకువెళితే, రేపు ఆ పదిమందికి చెయ్యి అందించేది ఆ ఒక్కరే.

పిల్లలూ, మీరు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, మక్తబ్‌లో ఒక భాష, ఫోనులో ఇంకో భాష వాడుతున్నారు. ఇది భారమని ఇన్నాళ్లూ ఎవరైనా చెప్పి ఉంటే, అది మీ పెట్టుబడి అని ఈ రోజు నేను చెబుతున్నాను. మీ అమ్మీ మాట్లాడే మాటను సిగ్గుపడకుండా వినండి, నోటుపుస్తకంలో రాసుకోండి. ఏదో ఒక రోజు దాని మీదే మీరు పరిశోధన పత్రం రాయవచ్చు.

 ఈ పిల్లల చదువులో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.